యూఎస్ విమెన్స్ ఓపెన్ చూడటం ఎలా: టీ షీటు నుంచి స్కోర్‌కార్డు సంతకం దాకా

మహిళా ప్రొఫెషనల్ గోల్ఫ్ సర్క్యూట్ అయిన ఎల్‌పీజీఏలో ప్రతి వారం జరిగే టోర్నీని చూసినట్టే యూఎస్ విమెన్స్ ఓపెన్‌నీ చూస్తే సగం ఆట కళ్ల ముందే జారిపోతుంది. అక్కడ బర్డీల పోటీ, అంటే హోల్‌కు నిర్ణయించిన స్ట్రోకుల (పార్) కంటే ఒకటి తక్కువలో ముగించడంలో పోటీ. ఇక్కడ ఎవరు తక్కువ పోగొట్టుకున్నారన్నదే పోటీ. 1946లో మొదలైన ఈ ఛాంపియన్‌షిప్‌ను 1953 నుంచి యునైటెడ్ స్టేట్స్ గోల్ఫ్ అసోసియేషన్, అంటే యూఎస్‌జీఏ, నిర్వహిస్తోంది. మహిళల గోల్ఫ్‌లో ఇప్పుడున్న ఐదు మేజర్లలో (అతి పెద్ద టోర్నీల్లో) పాతది ఇదే. కోర్సును కఠినంగా తయారుచేయడంలో పేరు మోసిందీ ఇదే. 2014లో పైన్‌హర్స్ట్ నంబర్ 2 కోర్సులో నాలుగు రోజులయ్యాక పార్ కంటే తక్కువలో తేలింది మిషెల్ వీ ఒక్కరే, అదీ కేవలం రెండు స్ట్రోకులు. 2024లో లాంకాస్టర్‌లో ఇద్దరు తేలారు: నాలుగు తక్కువతో గెలిచిన యూకా సాసో, ఒకటి తక్కువతో రెండో స్థానంలో నిలిచిన హినాకో షిబునో. కాబట్టి తెర మీద "పార్" అని కనబడగానే ఏమీ జరగలేదనుకోకండి. చాలా హోల్స్‌లో అది గట్టి స్కోరు.

ముందురోజు చేసుకోవాల్సిన పని

టీ షీటు, అంటే ఎవరు ఎప్పుడు ఎక్కణ్నుంచి మొదలుపెడతారో చెప్పే జాబితా, బయటికి రాగానే దాన్ని దగ్గర పెట్టుకోండి. బరిలో 156 మంది. గురు, శుక్రవారాల్లో ముగ్గురేసి చొప్పున 52 గుంపులు. సగం గుంపులు ఉదయం, సగం మధ్యాహ్నం. ప్రతి పూటా సగం మంది 1వ టీ (హోల్‌లో మొదటి షాటు కొట్టే చోటు) నుంచి, మిగతావాళ్లు 10వ టీ నుంచి మొదలుపెడతారు. గురువారం ఉదయం ఆడినవాళ్లు శుక్రవారం మధ్యాహ్నం ఆడతారు, మొదలుపెట్టే టీ కూడా మారుతుంది. షీటులో ఉండే టైము కోర్సు ఉన్న ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. తూర్పున పెన్సిల్వేనియాలో జరిగిన ఏడాదికీ పడమటన కాలిఫోర్నియాలో జరిగిన ఏడాదికీ మూడు గంటల తేడా. ఇది చూసుకోక ఇష్టమైన ప్లేయర్ తొమ్మిది హోల్స్ ఆడేశాక టీవీ పెట్టేవాళ్లు ఏటా ఉంటారు.

మీరు గమనించాలనుకున్న ఐదారుగురి పేర్లు రాసుకుని, పక్కన రెండే వివరాలు వేసుకోండి: ఏ పూట, ఏ టీ. పూట ఎందుకంటే, పొద్దున గాలి తక్కువ, గ్రీన్లు (బంతి పడాల్సిన కప్పు ఉండే నున్నటి గడ్డి భాగాలు) ఇంకా తడిగా మెత్తగా ఉంటాయి, వాటి మీద అడుగుజాడలు ఉండవు. మధ్యాహ్నానికి ఎండకు గ్రీన్లు బిగుసుకుంటాయి, గాలి లేస్తుంది, కప్పు చుట్టూ వందలాది అడుగులు పడి ఉంటాయి. గురువారం ఉదయం 69, గురువారం మధ్యాహ్నం 71 ఒక్కోసారి సమానమైన ఆటే. ఎవరికి వాతావరణం కలిసొచ్చిందో రెండు రోజులూ పూర్తయ్యాకే తేలుతుంది. అందుకే మొదటి రోజు లీడరును చూసి తీర్పు చెప్పకూడదు.

ఇంకో కాగితం మీద 18 హోల్స్ పార్, పొడవు రాసుకోండి. మొదటి రోజు ఆట ముగిశాక ప్రతి హోల్‌లోనూ సగటున ఎన్ని స్ట్రోకులు పట్టాయో ప్రకటిస్తారు. సగటు పార్ కంటే బాగా ఎక్కువున్న నాలుగు హోల్స్ చుట్టూ సున్నా చుట్టండి. మిగతా మూడు రోజులూ మీకు లీడర్‌బోర్డు కంటే ఈ కాగితమే ఎక్కువ పనికొస్తుంది.

లీడర్‌బోర్డు చదవడం

మూడు అంకెలు వేర్వేరుగా చూడాలి: మొత్తం స్కోరు, ఇవాళ్టి స్కోరు, ఎన్ని హోల్స్ పూర్తయ్యాయి. పార్ కంటే తక్కువైతే ఎరుపు రంగులో వేయడం ఆనవాయితీ. ఇ అనే అక్షరం ఉంటే పార్‌తో సమానం. ఎఫ్ ఉంటే రౌండు ముగిసింది. పేరు పక్కనో హోల్ అంకె పక్కనో చుక్క గుర్తు ఉంటే 10వ టీ నుంచి మొదలుపెట్టారని అర్థం.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ చుక్క గుర్తు దగ్గరే. ఇద్దరూ తొమ్మిది హోల్స్ ఆడి రెండు తక్కువలో ఉన్నారనుకోండి. ఒకరు 1 నుంచి 9 ఆడారు, మరొకరు 10 నుంచి 18. మీరు సున్నా చుట్టిన నాలుగు కష్టమైన హోల్స్‌లో మూడు వెనక తొమ్మిదిలో ఉంటే, రెండో ప్లేయర్ గండం గడిచి కూర్చుంది, మొదటి ప్లేయర్‌కు అదింకా ముందుంది. బోర్డు మీద సమానం, నిజానికి కాదు. ఇలా మిగిలిన హోల్స్ ఏవో చూసి బోర్డును మనసులోనే సర్దుకోవడం అలవాటైతే, వ్యాఖ్యాతలు చెప్పకముందే ఎవరు కిందికి జారబోతున్నారో పసిగట్టవచ్చు.

రౌండు ముగించిన ప్లేయర్ స్కోరుకు ఎప్పుడూ కొంచెం ఎక్కువ విలువ ఇవ్వండి. ఒక తక్కువతో క్లబ్‌హౌస్‌లో కూర్చున్నవాళ్లకు ఇక పోయేదేమీ లేదు. రెండు తక్కువతో 13వ హోల్‌లో ఉన్నవాళ్లకు ఇంకా ఐదు హోల్స్ ఉన్నాయి.

షాటులో చూడాల్సింది ఏమిటి

టీ షాటు ఎంత దూరం పోయిందన్న అంకె తెర మీద పెద్దగా వేస్తారు. దాన్ని పట్టించుకోకండి. బంతి ఫెయిర్‌వేలో (పొట్టిగా కత్తిరించిన గడ్డి దారిలో) ఆగిందా, రఫ్‌లో (పక్కనున్న పొడవాటి గడ్డిలో) పడిందా, అంతే చూడండి. ఒత్తైన రఫ్‌లో క్లబ్ (బంతిని కొట్టే కర్ర) ముఖానికీ బంతికీ మధ్య గడ్డి ఇరుక్కుంటుంది, బంతికి వెనక్కి తిరిగే స్పిన్ అందదు. స్పిన్ లేని బంతి గ్రీన్ మీద పడ్డాక ఆగదు, దొర్లుకుంటూ గ్రీన్ అవతలికి వెళ్లిపోతుంది. అందుకే రఫ్‌లో ఉన్న ప్లేయర్ గ్రీన్ ముందు పడేసి దొర్లించాలని చూస్తుంది. ముందు బంకరో (ఇసుక గుంటో) నీళ్లో అడ్డముంటే ఆ దారీ మూసుకుపోతుంది. అప్పుడు మామూలు దూరానికి కొట్టి మూడో షాటు మీద ఆశ పెట్టుకోవడమే తెలివైన పని. టీవీలో అది పిరికితనంలా కనబడుతుంది, నిజానికి అక్కడే ఒక స్ట్రోకు ఆదా అవుతుంది.

తర్వాత రెండో షాటు. బంతి జెండాకు ఎంత దగ్గర ఆగిందన్నదాని కంటే ఎటు పక్క ఆగిందన్నది ముఖ్యం. గ్రీన్ వేగాన్ని స్టింప్‌మీటర్ అనే 36 అంగుళాల పట్టీతో కొలుస్తారు. దాని గాడిలో బంతిని పెట్టి ఒక చివర మెల్లగా ఎత్తుతారు. బంతి దానంతటదే జారి గ్రీన్ మీద ఎన్ని అడుగులు దొర్లిందో అదే వేగం. ఎదురెదురు దిశల్లో దొర్లించి సగటు తీస్తారు. వేగం 12 దాటిన గ్రీన్‌లో వాలు ఉందంటే, కప్పుకు ఎగువన 10 అడుగుల్లో ఉన్న బంతి కంటే దిగువన 20 అడుగుల్లో ఉన్న బంతే మేలు. ఎగువ నుంచి తాకితే చాలు దొర్లిపోతుంది, తప్పితే ఐదారు అడుగులు దాటి ఆగుతుంది, మళ్లీ అదే భయం. దిగువ నుంచి ధైర్యంగా కొట్టవచ్చు. 2024లో చివరి రోజు సాసో ఆరో హోల్‌లో నాలుగు పుట్లు (గ్రీన్ మీద బంతిని దొర్లించే షాట్లు) వేసి డబుల్ బోగీ (పార్ కంటే రెండు ఎక్కువ) చేసింది. గెలిచిన మనిషికే ఈ గ్రీన్లు ఆ పని చేశాయి. ఆ తర్వాత వెనక తొమ్మిదిలో ఐదు హోల్స్ వ్యవధిలో నాలుగు బర్డీలు చేసి మూడు స్ట్రోకుల తేడాతో గెలిచింది.

ఒక్క హోల్ ఎలా ముంచుతుందో చూడాలంటే అదే ఏడాది మొదటి రోజు లాంకాస్టర్ 12వ హోల్‌కు మించిన పాఠం లేదు. సుమారు 160 గజాల పార్ 3, గ్రీన్ ముందు వాగు, గ్రీన్ వాలు వాగు వైపే. అప్పటికి గత ఏడు టోర్నీల్లో ఆరు గెలిచి వచ్చిన నెల్లీ కోర్డా టీ షాటు వెనక బంకర్‌లో పడింది. అక్కడి నుంచి వాలు మీదికి కొట్టిన రెండో షాటు గ్రీన్ అంతా దొర్లి వాగులో దిగింది. పెనాల్టీతో మూడు. డ్రాప్ చేసి (బంతిని చేత్తో నేల మీద వదిలి) కొట్టిన నాలుగోది మళ్లీ వాగులో, పెనాల్టీతో ఐదు. ఆరోదీ అక్కడికే, పెనాల్టీతో ఏడు. ఎనిమిదో షాటు గ్రీన్ ఎక్కింది, రెండు పుట్లు, మొత్తం 10. ఆ రోజు స్కోరు 80, శుక్రవారం కట్ దాటలేదు, అంటే శని, ఆదివారాల ఆటకు చేరలేదు. లెక్క ఇలా వేళ్ల మీద వేసుకోవడం నేర్చుకోండి: నీళ్లలో పడిన ప్రతిసారీ కొట్టిన షాటు ఒకటి, పెనాల్టీ ఒకటి, రెండూ కలుస్తాయి. కోర్డా టీ షాటు పెద్ద తప్పేమీ కాదన్నది కూడా గమనించండి. ఆగిన చోటు తప్పు. జెండా వెనక, నీళ్లకు ఎదురుగా, వాలుకు పైన. ఆ స్థితిలో ఎవరి బంతి కనబడినా అప్పుడే ఊపిరి బిగపట్టాలి, నీళ్లలో పడ్డాక కాదు.

బంతి కనబడకుండా పోతే వెతకడానికి మూడు నిమిషాలే సమయం. రఫ్ దగ్గర వలంటీర్లు చిన్న జెండా పాతి నిలబడ్డారంటే బంతి దొరికినట్టే. తెల్ల కర్రలు దాటితే అవుట్ ఆఫ్ బౌండ్స్, ముందు కొట్టిన చోటుకే వెళ్లి పెనాల్టీతో మళ్లీ కొట్టాలి. పసుపు, ఎరుపు కర్రలు పెనాల్టీ ఏరియాలవి. ఎరుపైతే పక్కకు డ్రాప్ చేసుకునే వీలు అదనంగా ఉంటుంది.

శుక్రవారం సాయంత్రం కట్

రెండో రోజు పైభాగం కంటే బోర్డు మధ్యభాగమే రసవత్తరంగా ఉంటుంది. 36 హోల్స్ తర్వాత మొదటి 60 స్థానాలవాళ్లు, 60వ స్థానంతో సమానంగా ఉన్నవాళ్లందరూ శని, ఆదివారాలకు వెళతారు. ఎల్‌పీజీఏ మామూలు టోర్నీల్లో 65 కాబట్టి ఆ లెక్కతో చూస్తే పొరబడతారు. లెక్క కట్టడం సులువే. బోర్డులో 60వ వరుస దగ్గర ఏ స్కోరు ఉందో చూడండి. ఉదాహరణకు నాలుగు ఎక్కువ స్కోరులో 55వ వరుస నుంచి 68వ వరుస దాకా 14 మంది ఉన్నారనుకుందాం. ఆ 14 మందీ లోపలే. ఇప్పుడు ఆ 68 మందిలో తొమ్మిది మంది ఐదు ఎక్కువకో అంతకంటే కిందికో జారితే 60వ వరుస ఐదు ఎక్కువకు మారుతుంది. మధ్యాహ్నం గాలి లేస్తే కట్ ఇలాగే ఒక మెట్టు సడలుతుంది. పొద్దున్నే ఆట ముగించి, ఒక స్ట్రోకు తేడాతో బయట ఉన్నవాళ్లు సాయంత్రం దాకా హోటల్‌కి వెళ్లకుండా బోర్డు ముందు కూర్చునేది అందుకే. గాలి లేని మధ్యాహ్నమైతే కట్ బిగుసుకునే ప్రమాదమూ ఉంది.

అమెచ్యూర్లను కూడా ఓ కంట కనిపెట్టండి. వాళ్లకు ప్రైజ్ మనీ రాదు, 2025లో మొత్తం 1 కోటి 20 లక్షల డాలర్లు, విజేతకు 24 లక్షల డాలర్లు ఉన్నా సరే. కట్ దాటిన అమెచ్యూర్లలో తక్కువ స్కోరు చేసినవారికి పతకం ఇస్తారు. టైటిల్‌నే ఎగరేసుకుపోయిన అమెచ్యూర్ ఇప్పటిదాకా ఒక్కరే, 1967లో ఫ్రాన్స్‌కు చెందిన కాత్రీన్ లకోస్ట్.

చివరి తొమ్మిది హోల్స్

శని, ఆదివారాల్లో ఇద్దరేసి ఆడతారు, లీడర్లు చివర వస్తారు. ఆదివారం మీరు నిజంగా శ్రద్ధ పెట్టాల్సింది చివరి రెండు గంటలు. అప్పుడు లీడరుకు ఐదు స్ట్రోకుల ఆధిక్యం ఉన్నా టీవీ కట్టేయకండి. 2018లో షోల్ క్రీక్‌లో తొమ్మిది హోల్స్ మిగిలి ఉండగా అరియా జుటనుగార్న్ ఏడు స్ట్రోకులు ముందుంది. 10వ హోల్‌లో ట్రిపుల్ బోగీతో (పార్ కంటే మూడు ఎక్కువతో) మొదలై మొత్తం ఆధిక్యం కరిగిపోయింది, చివరికి కిమ్ హ్యో జూతో ప్లేఆఫ్ ఆడి నాలుగో హోల్‌లో గెలిచి బయటపడింది. 2021లో ఒలింపిక్ క్లబ్‌లో లెక్సీ థాంప్సన్‌ది అంతకంటే విషాదం. ఒక దశలో ఐదు స్ట్రోకుల ఆధిక్యం, వెనక తొమ్మిదిలో 41, చివరి రెండు హోల్స్‌లోనూ బోగీలు (పార్ కంటే ఒకటి ఎక్కువ), ఒక్క స్ట్రోకు తేడాతో ప్లేఆఫ్ కూడా దక్కలేదు.

ఎందుకిలా జరుగుతుందంటే, ఇలాంటి కోర్సులో ఆధిక్యాన్ని కాపాడుకోవడానికి భద్రమైన షాటు అంటూ పెద్దగా ఉండదు. ఫెయిర్‌వే కోసం చిన్న క్లబ్ తీసుకుంటే రెండో షాటు పొడవవుతుంది, పొడవైన షాటు గట్టి గ్రీన్ మీద నిలవదు. మరోవైపు వెంటపడుతున్నవాళ్లు వరుసగా పార్‌లు చేసినా చాలు. కాబట్టి చివరి తొమ్మిదిలో లీడరును మాత్రమే కాదు, రెండు మూడు స్ట్రోకుల వెనక నిలకడగా పార్‌లు చేస్తున్నవాళ్లెవరో చూడండి. 2023లో పెబుల్ బీచ్‌లో ఆలిసెన్ కోర్పజ్ స్కోర్లు 69, 70, 71, 69. మెరుపు రౌండు ఒక్కటీ లేదు, మునిగిన రౌండూ లేదు. మూడు స్ట్రోకుల తేడాతో గెలిచింది. 2025లో ఎరిన్ హిల్స్‌లో మాయా స్టార్క్ చివరి రెండు హోల్స్‌లో బోగీలు చేసి కూడా రెండు స్ట్రోకుల తేడాతో గట్టెక్కింది. అంత వెసులుబాటు ముందే కూడబెట్టుకుంది మరి.

ప్లేఆఫ్ వస్తే

2018 నుంచి అమల్లో ఉన్న పద్ధతి ఇది: ముందుగా రెండు హోల్స్ ఆడి ఇద్దరి మొత్తం స్కోర్లూ పోలుస్తారు. అప్పటికీ సమానమైతే సడన్ డెత్, ఒక హోల్‌లో తేడా వస్తే అక్కడితో సరి. మొదటి హోల్‌లో ఒకరు వెనకబడితే అయిపోయిందనుకోవద్దు, రెండో హోల్ లెక్కలోనే ఉంది. 2021లో సాసో, నాసా హతావొకా రెండు హోల్స్ సమానంగా ఆడారు, మూడోదాంట్లో బర్డీతో సాసో గెలిచింది. ఒకప్పుడు ఇది మరుసటి రోజు పూర్తి 18 హోల్స్ ప్లేఆఫ్‌గా ఉండేది. 1998లో బ్లాక్‌వుల్ఫ్ రన్‌లో పాక్ సే రి, అమెచ్యూర్ జెన్నీ చువాసిరిపోర్న్ 18 హోల్స్ కూడా సమానంగా ముగించి, ఇంకో రెండు ఆడారు. 18వ హోల్‌లో నీటి ఒడ్డున ఆగిన బంతిని కొట్టడానికి పాక్ బూట్లూ మేజోళ్లూ విప్పి నీళ్లలోకి దిగింది అప్పుడే.

కోర్సులోనే చూసేవాళ్లకు

ఒకే గుంపు వెంట 18 హోల్స్ నడిస్తే జనం వెనక నిలబడి సగం షాట్లు చూడలేరు. ముందుకు వెళ్లండి. మీ గుంపు టీ మీద ఉండగానే బంతులు పడే చోటికి, అంటే టీ నుంచి 230, 260 గజాల మధ్య తాడు పక్కకు చేరుకోవాలి. వాళ్లు రెండో షాటు కొట్టాక గ్రీన్ దగ్గర ఆగకుండా తర్వాతి హోల్‌కు నడవండి. అలసిపోతే, ఒక పార్ 3 గ్రీన్, పక్కనే తర్వాతి టీ రెండూ కనబడే చోటు వెతుక్కుని కూర్చోవడం అన్నింటికంటే మంచిది. ఒక పూటలో 26 గుంపులూ మీ ముందు నుంచే పోతాయి.

మార్షల్ (జనాన్ని అదుపు చేసే వలంటీరు) చెయ్యి ఎత్తితే ఉన్నచోటే ఆగిపోవాలి, గుసగుస కూడా వద్దు. పేరున్న ప్లేయర్ పుట్ వేయగానే జనం కదలడం, మిగతా ఇద్దరూ ఆ కదలికల మధ్యే పుట్ వేయాల్సి రావడం ఎక్కడైనా కనబడేదే. ముగ్గురి బంతులూ కప్పులో పడేదాకా కదలకండి.

చివరి పుట్ తర్వాత

బంతి కప్పులో పడగానే ఫలితం తేలిపోదు. ప్లేయర్లు స్కోరింగ్ ఏరియాకు వెళ్లి, హోల్ వారీగా చూసుకుని సంతకం చేయాలి. ఏ హోల్‌లోనైనా నిజంగా కొట్టినదాని కంటే తక్కువ అంకె వేసి సంతకం చేస్తే అనర్హత. తమకు తెలియని పెనాల్టీ వల్ల వచ్చిన తేడాకు మాత్రం మినహాయింపు ఉంది. కూడిక బాధ్యత ప్లేయర్‌ది కాదు, కమిటీది. హోల్ అంకెలే ప్లేయర్ బాధ్యత. 1957లో వింగ్డ్ ఫుట్‌లో జాకీ పంగ్ అందరికంటే తక్కువగా 298 స్ట్రోకుల్లో ముగించింది. ఆమె కార్డు మీద నాలుగో హోల్‌కు 6 ఉండాల్సిన చోట 5 పడింది. కింద మొత్తం సరిగ్గానే ఉంది, అయినా అనర్హత వేటు పడింది, 299 చేసిన బెట్సీ రాల్స్‌కు టైటిల్ దక్కింది. జాలిపడిన క్లబ్ సభ్యులు, ప్రేక్షకులు విజేత సొమ్ము కంటే ఎక్కువే చందా పోగుచేసి పంగ్‌కు ఇచ్చారు.

ఆట మధ్యలోనూ వీడియో చూసి పెనాల్టీ వేయవచ్చు. 2016లో కోర్డెవాల్‌లో ప్లేఆఫ్ రెండో హోల్‌లో అన్నా నార్డ్‌క్విస్ట్ బంకర్‌లో క్లబ్ వెనక్కి తీస్తున్నప్పుడు అది కొద్దిపాటి ఇసుకను తాకింది. దగ్గరగా చూపిన వీడియోలో తప్ప ఎవరికీ కనబడలేదు. రెండు స్ట్రోకుల పెనాల్టీ అని ఆమెకు చెప్పేటప్పటికి తర్వాతి హోల్‌లో మూడో షాటు కొట్టేసింది. బ్రిటనీ లాంగ్ ఇంకా కొట్టలేదు, విషయం తెలిశాక భద్రమైన షాటు ఎంచుకుని గెలిచింది. ఆ మరుసటి ఏడాది నుంచి, మామూలు కంటికి కనబడే అవకాశం లేనిదాన్ని వీడియో బయటపెట్టినా ఉల్లంఘనగా లెక్కించడం లేదు. అయినా బంకర్‌లో క్లబ్ కింద ఆనినట్టు మీకు అనుమానం వస్తే, తెర మీద "అధికారిక ఫలితం" అని పడేదాకా ఛానల్ మార్చకండి.